చేపల విందు ఎన్నింటికి?

మా అన్నయ్య వెర్లిన్ స్కాగ్మో చేసిన వెబ్‌సైట్లు చూసి ఏనాడూ ఎవరూ ఏమీ తెలుసుకోలేదు. చెల్లెల్ని కాబట్టి ఇంత మాట అనగలుగుతున్నాను. ఊళ్ళో మిగిలినవాళ్ళు అనలేరు. ఉన్నమాట అనలేకపోవడం మా హాల్వర్ లేక్ వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

మాకు ఒకటి నచ్చకపోతే "వేరుగా ఉందే" అంటాం. బొత్తిగా నచ్చకపోతే "అబ్బ, చాలా కష్టపడ్డట్టున్నావే" అంటాం. మినెసోటాలో మా వైపు అంతకు మించిన తిట్టు లేదు. చర్చి వంటగదికి పెద్దదిక్కు ఆర్డెల్ ఫాస్. ఆవిడకి కొత్తగా వచ్చిన పళ్ళ డాక్టరు కట్టుడుపళ్ళు వంకరగా బిగించాడు. "వేరుగా ఉన్నాయి డాక్టర్ గారూ, చాలా థాంక్స్" అని చెప్పి ఇంటికొచ్చింది. రెండేళ్ళు సూప్ తాగి బతికింది. తన హస్తవాసి గురించి ఊరంతా గొప్పగా చెప్పుకుంటోందని ఆ డాక్టరుకి ఇప్పటికీ నమ్మకం.

అన్నయ్య ముప్పై ఏళ్ళు ధాన్యం గోదాములో పనిచేశాడు. అది పొట్టకూటికి. ఊరికి తెలిసిన వెర్లిన్ వేరు. జూలై నాలుగున, స్వాతంత్ర్య దినానికి, సరస్సు ఒడ్డున బాణసంచా కాల్చేది తనే. ఊరేగింపు బండ్ల మీద బొమ్మలు కట్టేదీ తనే. ఓ ఏడాది తుక్కు రేకులతో పెద్ద డ్రాగన్ని చేసి దాని ముక్కుల్లోంచి పొగ రప్పించాడు. ఏదో ఒకటి వెలగాలి, మోగాలి, గిర్రున తిరగాలి. లేకపోతే అన్నయ్యకి చేతులు కట్టేసినట్టుంటుంది.

ఆ చేతుల్ని అదుపులో పెట్టగలిగింది ఒక్క కొరీన్ వదినే. వదినది మా ఊరు కాదు. ఉత్తరాన ఇనప గనుల వైపు, ఇటాలియన్ వాళ్ళ పిల్ల. వాళ్ళకి మనసుకీ నోటికీ మధ్య తలుపు లేదు. "వెర్లిన్, ఆ తోక సగానికి కొయ్యి. వెనక బండిలో బ్యాండు పిల్లలున్నారన్న సంగతి జనానికి తెలియాలిగా!" అని వీధిలో నిలబడి అరిచేది. అన్నయ్య గొణుక్కుంటూ కోసేవాడు. ఊరేగింపు ముచ్చటగా ఉండేది. మేమంతా వదిన నోటికి హడలిపోయేవాళ్ళం. మేం అనలేనివన్నీ ఆవిడ అనేస్తున్నందుకు లోలోపల హాయిగానూ ఉండేది.

రెండువేల ఒకటి మార్చిలో వదిన పోయింది. అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో కూలబడ్డాడు. ఉలుకూ పలుకూ లేదు. ఏం అడిగినా "ఫర్వాలేదు" అనేవాడు. జూలై నాలుగు వస్తే బాణసంచా కాల్చడానికి పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించారు. అన్నయ్య కిటికీ తెర కూడా తియ్యలేదు. నేను రోజూ నా కెఫే నుంచి సూప్ పట్టుకెళ్ళి, పక్కన పెట్టి, వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడి వచ్చేదాన్ని. ఆ ఇంటి తలుపు తీసేటప్పుడల్లా లోపల ఏం చూడాల్సొస్తుందోనని ముందు గట్టిగా దగ్గేదాన్ని.

ఆ చలికాలం గ్రంథాలయంలో కంప్యూటర్ పాఠాలు పెట్టారు. అన్నయ్యని బండిలో ఎక్కించుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. ఓ సాయంత్రం కెఫేకి ఫోనొచ్చింది.

"లవాన్! కదులుతోందే!"

"ఏంటన్నయ్యా?"

"సుత్తి! తెర మీద! నేనే కదిలించాను!"

ఆ గొంతు విని చాలా నెలలైంది. నేను కౌంటరు వెనక్కి వెళ్ళి, ఉల్లిపాయలు తరుగుతున్నట్టు నటిస్తూ కాసేపు ఏడ్చాను. ఆ సుత్తే మా అందరి నెత్తినా పడుతుందని అప్పుడు తెలియలేదు.

మొదటిది ఇనప సామాన్ల కొట్టు వెబ్‌సైటు. తెరవగానే చీకటి. ఉరుము. ఆకాశం నుంచి సుత్తులు, రెంచీలు, మేకులు వానలా కురుస్తాయి. చివరికో పెద్ద సుత్తి వచ్చి కొట్టు పేరుని ఒక్కో అక్షరమే దిగ్గొడుతుంది. మా ఫోను తీగల మీద ఇదంతా రావడానికి నేనో ఆపిల్ పై పిండి కలిపి, ఆపిల్ ముక్కలు కూరి, పొయ్యిలో కాల్చి తీసేంత సేపు పట్టేది. అంతసేపు కూర్చుంటే, కొట్టు ఎప్పుడు తెరుస్తారో ఎక్కడా ఉండదు. నేతిబీరకాయలో నెయ్యెంతో ఆ పేజీలో సమాచారం అంత.

కొట్టు యజమాని చూసి, "అబ్బ వెర్లిన్, చాలా కష్టపడ్డట్టున్నావే" అన్నాడు.

అన్నయ్య పొంగిపోయాడు. వదిన ఉంటే ఆ మాటకి అర్థం విడమరిచి చెప్పేది. వదిన లేదు.

ఆ తర్వాత పశువుల డాక్టరుది. అకార్డియన్ వాయిస్తుంటే ఆవులు వరసగా పోల్కా డాన్సు చేస్తాయి. అర్ధరాత్రి ఆవు ఈనలేకపోతే ఫోను చెయ్యాల్సిన నంబరు మూడో ఆవు మెడలోని గంట నొక్కితే వస్తుంది. ఆ ఆవు ఒకచోట నిలబడదు. తర్వాత అంత్యక్రియలు జరిపించేవాళ్ళది. ఇనప గేట్లు కిర్రుమని తెరుచుకుంటాయి, పావురాలు లేస్తాయి, ఆర్గన్ మోగుతుంది. ఎవరిని ఎప్పుడు పూడుస్తారో తెలిసేసరికి పూడ్చేసి ఉంటారు.

"అన్నయ్యా, ఇదంతా వద్దనుకున్నవాళ్ళు దాటేసి వెళ్ళడానికో బటన్ పెట్టొచ్చుగా?" అని ఒకసారి నెమ్మదిగా అన్నాను. నాకున్న ధైర్యం అంతే.

"చర్చిలో పాట సగంలో ఉండగా లేచిపోతామా లవాన్? మర్యాద కాదు" అన్నాడు.

ఫలితం ఏమైందంటే, ఊళ్ళో ఎవరికేం తెలియాలన్నా నా కెఫేకి ఫోన్ చెయ్యడం మొదలెట్టారు. ఒక చేత్తో గుడ్లు వేయిస్తూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, "కొట్టు ఎనిమిదింటికి తీస్తారు. మేకులా? ఉన్నాయి. పశువుల డాక్టరు ఊళ్ళోనే ఉన్నాడు. మీ ఆవు ఎన్నో ఈత?" అని అడుగుతుండేదాన్ని. మంటెక్కిపోయేది నాకు. ఫోను పెట్టేసి, చెంచా విసిరేసి, ఇవాళ చెప్పేస్తాను, కుండబద్దలు కొట్టేస్తాను అనుకునేదాన్ని. అంతలో అన్నయ్య నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. "లవాన్, పావురాల రెక్కలు ఇప్పుడు వేరువేరుగా ఆడుతున్నాయి!" అనేవాడు. "వేరుగా ఉన్నాయన్నయ్యా" అని కాఫీ పోసేదాన్ని. ఆ కుర్చీలోంచి లేచిన మనిషిని మళ్ళీ ఆ కుర్చీలోకి తొయ్యడానికి నాకు చేతులు రాలేదు.

అలా రెండువేల రెండు అక్టోబర్ వచ్చింది. మా చర్చి లూటెఫిస్క్ విందు వచ్చింది.

ఎండు చేపని క్షారపు నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, మళ్ళీ మంచినీళ్ళలో కడిగి కడిగి, జావలా వణికేదాకా ఉడికించి, వెన్న పోసుకుని తినడాన్ని లూటెఫిస్క్ అంటారు. నార్వే నుంచి మా తాతలు తెచ్చుకున్నవాటిలో మేం వదిలించుకోలేకపోయింది ఇదొక్కటే. విందు ఏటా అక్టోబర్ రెండో శనివారం, చర్చి కింద హాల్లో. ఈసారి ఆ శనివారం ఆర్డెల్ మనవరాలు బ్రిటా పెళ్ళి పడింది. అందుకని విందుని ఆదివారానికి మార్చారు. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరు ఎవరికి చెప్పారని మాత్రం అడక్కండి. మా ఊళ్ళో సంగతులు చెప్పుకోరు, తెలిసిపోతాయి.

విందు వెబ్‌సైటు అన్నయ్య చేశాడు. సరస్సు మీద సూర్యుడు లేస్తాడు. పడవ వస్తుంది. నీళ్ళలోంచి చేపలు ఎగురుతాయి. ఒక్కో చేప ఒంటి మీద ఒక్కో అక్షరం. అన్నీ కలుపుకుంటే తేదీ. తల అటు తిప్పి ఇటు తిప్పేలోగా ఆ చేపలు మునిగిపోతాయి. కానీ పట్నంలో వేగం గల తీగలున్నాయి, వేగం గల కళ్ళున్నాయి. అక్కడివాళ్ళు ఆ చేపల్ని చదివేశారు. చేపలు శనివారం అని చెప్పాయి.

శనివారం పెళ్ళయింది. హాల్లో భోజనాలకి కూర్చుంటుండగా, చర్చి ముందు బస్సు ఆగింది. అందులోంచి పట్నం పక్కనున్న బ్లూమింగ్టన్ వయోవృద్ధుల సంఘం దిగింది. వెనక కార్ల వరస. స్వెట్టర్లు వేసుకున్న ముసలి జంటలు మెల్లగా మెట్లు దిగి లోపలికొచ్చారు. తెల్లగౌనులో పెళ్ళికూతురు కనిపించింది. పూలు కనిపించాయి. కేకు కనిపించింది. చేప వాసన మాత్రం లేదు.

ఇంకెక్కడైనా అయితే ఎవరో ఒకరు "మీరెవరండీ?" అని అడిగేవాళ్ళు. లేదా వచ్చినవాళ్ళే "చేపల విందు ఎక్కడండీ?" అనేవాళ్ళు. వాళ్ళూ మినెసోటావాళ్ళే, మేమూ మినెసోటావాళ్ళమే. గుమ్మంలో ఆగిన మొదటి ముసలాయన, "ఏదో సందడిగా ఉన్నట్టుందే" అన్నాడు. ఆర్డెల్, "అవునండీ, కాస్త. రండి, కూర్చోండి, చలిగా ఉంది బయట" అంది. అంతే. వాళ్ళు కూర్చున్నారు.

పెళ్ళికూతురివాళ్ళు వీళ్ళు పెళ్ళికొడుకు చుట్టాలనుకున్నారు. పెళ్ళికొడుకువాళ్ళు ఆర్డెల్ వైపు ఇంతమంది ముసలివాళ్ళున్నారా అని ఆశ్చర్యపోయారు. అన్నయ్యేమో గుమ్మంలో నిలబడి ముఖం చాటంత చేసుకుని ప్రతివాడితోనూ చేయి కలుపుతున్నాడు. "చేపల్ని చూశారా? వచ్చారా? సంతోషం!" అంటున్నాడు. నేను వంటగదిలో ఆర్డెల్ని పట్టుకున్నాను.

"ఏం చేద్దామే? తిండి చాలదు."

"ఫర్వాలేదు" అంది ఆర్డెల్. ఫర్వాలేదన్నప్పుడు ఆవిడ మెడ నరాలు తాళ్ళలా లేచాయి. "మీ ఇంట్లో ఫ్రీజర్లో ఏముంది?"

ఊరి ఆడవాళ్ళంతా ఇళ్ళకి పరిగెత్తి, శీతాకాలానికి దాచుకున్న హాట్‌డిష్‌లన్నీ పట్టుకొచ్చి పొయ్యిల్లో పెట్టారు. గొడ్డుమాంసం, పుట్టగొడుగుల సూప్, పైన వేయించిన బంగాళాదుంప ముక్కలు. ముసలివాళ్ళు తిన్నారు. కేకు తిన్నారు. పెళ్ళి కానుకల కోసం పెట్టిన బుట్టలో విందు టికెట్టు డబ్బులు మడతపెట్టి వేశారు. బ్లూమింగ్టన్ ముసలాయనొకడు పెళ్ళికూతురితో డాన్సు కూడా చేశాడు. ఆ పిల్ల కూడా "మీరెవరు?" అని అడగలేదు. ఎలా అడుగుతుంది, ఆర్డెల్ మనవరాలాయె.

బస్సెక్కుతూ ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "చాలా బాగుందమ్మా. ఈసారి విందు... వేరుగా ఉంది" అంది.

మర్నాడు ఆదివారం అసలు విందు. తొట్ల నిండా చేప వణుకుతోంది. హాల్లో మేం తప్ప నరమానవుడు లేడు. ఆ వారమంతా ఊళ్ళో పొద్దున చేప, మధ్యాహ్నం చేప, రాత్రి చేప. కుక్కలు కూడా దాని వాసన చూసి ముఖం తిప్పుకున్నాయి.

ఆ ఆదివారం గిన్నెలు కడుగుతూ ఆర్డెల్, నేను, పాస్టర్ రూడ్ గారు వంటగదిలో మిగిలాం.

"వెర్లిన్‌తో ఎవరైనా కొంచెం... సున్నితంగా మాట్లాడితే బాగుంటుందేమో" అన్నారు పాస్టర్ గారు, గిన్నెకేసి చూస్తూ.

"అవును, ఎవరైనా" అంది ఆర్డెల్, ఇంకో గిన్నెకేసి చూస్తూ.

"ఎందుకంటే, కౌంటీ రోడ్ల శాఖవాళ్ళు కూడా ఆయన్నే అడిగారట. మంచు తుఫాన్లలో ఏ రోడ్లు మూశారో చెప్పే పేజీ."

అది విని గిన్నె పక్కన పెట్టేశాను. విందు పోతే పోయింది. మంచులో రోడ్డంటే ప్రాణం. పిల్లల బడి బస్సు, అంబులెన్సు, డాక్టరు, అందరూ ఆ పేజీనే చూస్తారు. పిల్లి మెడలో గంట కట్టక తప్పదు. తలెత్తేసరికి పాస్టర్ గారూ ఆర్డెలూ ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

సోమవారం ఆపిల్ పై చేసుకుని వెళ్ళాను. అన్నయ్య కంప్యూటర్ ముందు కూర్చుని ఈల వేస్తున్నాడు. కిటికీ పక్క కుర్చీలో కాగితాలు పోగుపడి ఉన్నాయి. ఆ కుర్చీని అలా చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే భయమూ వేసింది.

"చలి ముదిరింది" అన్నాను.

"ముదిరింది" అన్నాడు.

"చేపలు కొంచెం... ఎక్కువయ్యాయేమో అన్నయ్యా?"

"తక్కువయ్యాయని నేననుకుంటున్నా. అది సరే గానీ, ఇటు రా, రోడ్ల పేజీ చూద్దువు గాని!"

తెర మీద మంచు తోసే బండి గర్జించుకుంటూ వచ్చింది. మంచుని ఎత్తి తెర నిండా కొట్టింది. అంతా తెల్లగా అయిపోయింది.

"రోడ్లేవి?" అన్నాను.

"మంచు కింద! నువ్వే తుడవాలి. ఇదిగో, దీనితో అటూ ఇటూ రుద్దు. నిజంగా తుడిచినట్టే ఉంటుంది!"

రుద్దాను. ఒక అక్షరం బయటపడింది. ఇంకోటి బయటపడేసరికి మొదటి దాని మీద మళ్ళీ మంచు కురిసింది.

"ఇంకా కురుస్తోందే!"

"తుఫాను కదా!" అన్నాడు మురిసిపోతూ.

అప్పుడు నాలో ఏదో తెగింది. బడి బస్సు నడిపే మనిషి తెల్లవారుజామున చలిలో కూర్చుని ఆ తెరని రుద్దుతూ ఉండడం కళ్ళకి కట్టింది.

"ఎందుకూ పనికిరాదన్నయ్యా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఇదే కాదు, నువ్వు చేసినవేవీ పనికిరావు. పైన పటారం, లోన లొటారం. కొట్టు ఎప్పుడు తీస్తారో లేదు, డాక్టరు నంబరు ఆవు మెడలో ఉంది. శనివారం వచ్చినవాళ్ళు తప్పు రోజున వచ్చారు, నీ చేపలు శనివారం అన్నాయని! విందు ఆదివారం! ఊరంతా నీ పని మెచ్చుకుంటోందనుకుంటున్నావు. ఎవరికీ నచ్చలేదు. నాకూ నచ్చలేదు. చెప్పే దమ్ము లేక ఊరుకున్నాం."

అన్నయ్య ముఖం పాలిపోయింది. లేచాడు. కిటికీ వైపు నడిచాడు. అయిపోయింది, కూర్చుంటాడు, ఇంక లేవడు అనుకున్నాను. నా నాలుకని నేనే కోసేసుకోవాలనిపించింది.

కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి తిరిగాడు. కోపంతో ఎర్రబడ్డాడు. మా అన్నయ్యకి కోపం రావడం చిన్నప్పుడెప్పుడో చూశాను.

"ఏం పెట్టమంటావే అందులో?" అన్నాడు. "ఆర్డెల్ని అడిగాను, విందు ఎన్నింటికని. 'ఓ, ఎప్పుడూ ఉండేదేగా' అంది. పెళ్ళి కూడా శనివారమే కదా, రెండూ ఒకే రోజా అంటే, 'ఏదో సర్దుకుంటాంలే' అంది. పాస్టర్ గారిని అడిగాను, భోజనం ఎప్పుడు మొదలెడతారని. 'జనం వస్తే' అన్నారు. చర్చికి దారి ఎలా రాయాలంటే, 'పాత పాలకేంద్రం ఉండే చోట కుడికి' అన్నారు. ఆ పాలకేంద్రం కాలిపోయి పాతికేళ్ళయింది! కొట్టువాడిని ఎప్పుడు తీస్తావురా అంటే 'నేనొచ్చినప్పుడు' అన్నాడు. ఒక్కడంటే ఒక్కడు ఒక్క ముక్క తిన్నగా చెప్పలేదు. తెరేమో ఖాళీగా ఉంది. ఖాళీగా వదిలేస్తే బాగోదని చేపల్ని పెట్టాను!"

నేను పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"సరే, నువ్వు చెప్పు" అంటూ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "నీ కెఫే ఎన్నింటికి తెరుస్తావు?"

"పొద్దున్నే."

"ఎన్నింటికి?"

"అదే, కాఫీ అయ్యాక."

"గడియారం లేదా మీ ఇంట్లో?"

"ఆరున్నరకి! అరవకు!"

"మంగళవారం ఏం సూప్?"

"మామూలు—" అని నాలిక్కరుచుకున్నాను. "బఠానీ, పంది మాంసం."

టకటకా కొట్టాడు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు. ఆరున్నర. మంగళవారం బఠానీ సూప్. ఏదీ ఎగరలేదు, ఏదీ మోగలేదు. నాకు సిగ్గుగానూ ఉంది, లోపల్లోపల నవ్వూ వస్తోంది. ఇంత చిన్న సంగతి నోటితో చెప్పడానికి ఇంత యాతనా అనిపించింది.

అన్నయ్య చేతులు ఆగిపోయాయి. తెరకేసి చూస్తూనే అన్నాడు.

"కొరీన్ పోయినప్పుడు కూడా ఇంతే లవాన్. అందరూ వచ్చారు. ఎవరి గిన్నె వాళ్ళకి తిరిగి రావాలని అడుగున టేపు మీద పేరు రాసుకుని హాట్‌డిష్‌లు తెచ్చారు. గిన్నెలన్నిటి మీదా పేర్లున్నాయి. కొరీన్ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నువ్వు కూడా. రోజూ వచ్చి వానల గురించి చెప్పావు. అదసలు మా ఇంట్లో ఉండేదా, నేనే కల గన్నానా అనిపించేది ఒక్కోసారి."

నేను మళ్ళీ వానల గురించే ఎత్తబోయాను, నిజంగా. అలవాటు అంత చెడ్డది.

"నాకు కొరీన్ వదిన లేకపోతే ఏమీ తోచట్లేదన్నయ్యా" అన్నాను. "ఆవిడంటే భయపడి చచ్చేదాన్ని. ఇప్పుడు ఎవరికీ భయపడక్కర్లేదు, అదే బాగాలేదు. ప్రతి ఆదివారం చర్చిలో ఆవిడ కూర్చునే చోటు చూడకుండా పాట పుస్తకంలో తల దూర్చేస్తాను. నీ దగ్గర పేరెత్తితే నువ్వు విరిగిపోతావనుకున్నాను."

అన్నయ్య చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత ఆపిల్ పై ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"నిజం చెప్పనా? దీని పిండి అట్టలా ఉంది. ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూనా?"

"నువ్వు కెఫే పెట్టినప్పట్నుంచీ. కొరీన్ చెప్తానంటే నేనే వద్దన్నాను."

ఒళ్ళు మండిపోయింది నాకు, అంతలోనే నవ్వొచ్చింది. ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం. నవ్వు మధ్యలో ఎప్పుడో ఏడ్చాం కూడా. పై మాత్రం మొత్తం తినేశాం, పారెయ్యడం మా ఇళ్ళల్లో లేదు.

ఆ చలికాలం అన్నయ్యంటే కౌంటీ అంతటికీ హడలు పుట్టింది. రోడ్ల శాఖకి ఫోన్ చేసి, "మూశారా, లేదా?" అని అడిగేవాడు. "కొంచెం జారుతోందండీ" అంటే ఊరుకునేవాడు కాదు. "బడి బస్సు వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా?" అని నిలదీసేవాడు. అవతలివాడు చెమటలు కక్కుకుని అవుననో కాదనో అనేదాకా ఫోను వదిలేవాడు కాదు. తుఫాను రోజుల్లో ఆ పేజీ తెరిస్తే రోడ్ల పేర్లు, పక్కన మూశారో తెరిచారో, అంతే. కొందరు పాత సుత్తుల వాన బాగుండేదని ఇప్పుడంటున్నారు. అప్పుడెందుకనలేదో మరి.

డిసెంబర్లో చర్చి ఆడవాళ్ళు క్రిస్మస్‌కి బంగాళాదుంప రొట్టెలు కాల్చి అమ్ముతారు. లెఫ్సె అంటాం. దాని పేజీ కోసం అన్నయ్య నా కెఫేలో కూర్చుని ఆర్డెల్‌కి ఫోన్ చేశాడు. కౌంటరు అవతల ఉన్న నాక్కూడా ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది. ఆవిడ ఫోన్లో కూడా చర్చి హాలు చివరికి వినపడేలా మాట్లాడుతుంది.

"ఆర్డెల్, రొట్టెలు ఏ రోజు?"

"ఓ, ఎప్పుడూ ఉండేదేగా వెర్లిన్."

"తేదీ చెప్పు."

"...పద్నాలుగు."

"ఎన్నింటికి?"

"పొద్దున్నే—"

"ఆర్డెల్."

"తొమ్మిదింటికి! ఒంటిగంట దాకా! చాలా?"

"చాలు. పెనాలు ఎన్ని పెడుతున్నారు? ఎన్ని రొట్టెలుంటాయో రాయాలి."

అవతల కుర్చీ లాగిన చప్పుడు వినపడింది. అన్నయ్య ఫోను చెవికి నొక్కుకున్నాడు.

"ఐదు పెనాలున్నాయి, నాలుగే పెడుతున్నాం" అంది ఆర్డెల్. గొంతు తగ్గిపోయింది. నేను చేతిలో పని ఆపి విన్నాను. "ఐదోది కొరీన్‌ది, వెర్లిన్. పోయినేడాది బయటికి తీశాను, దాని ముందు ఎవరు నిలబడినా చూడలేకపోయాను. మళ్ళీ లోపల పెట్టేశాను. ఆవిడ నా రొట్టెలు మందంగా ఉన్నాయని అందరి ముందూ అనేది. ఒక్కసారి మళ్ళీ అంటే బాగుండును."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.

"ఇంకా ఏమనేది?" అన్నాడు. "చెప్పు ఆర్డెల్. నాకేం తొందర లేదు."